జిప్సీకి ఎంత లావు సైలెన్సర్ పైపు వేయాలి?

(ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆటో క్లబ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు లేకపోయినా పర్వాలేదు కదా? వెనక బెంచీ వాళ్ళకు వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఇందాక మీ షెడ్డులో మీరు బాగుచేస్తున్న మారుతి జిప్సీ జీపును చూసి వచ్చాను. బాడీ దింపేశారు, ఛాసిస్ గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టారు, పని శుభ్రంగా ఉంది. పాత సైలెన్సర్ మాత్రం తుప్పుపట్టి, అడుగున చిల్లులు పడి, గోడవారన పడుంది. దాని బదులు ఏం వేస్తారని అడిగితే ఒకబ్బాయి టకీమని "రెండున్నర ఇంచుల పైపు సార్, ఎంత లావుంటే అంత పవర్" అన్నాడు. పక్కనే ఉన్న అమ్మాయి "కాదు సార్, కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది" అంది. ఇద్దరూ నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టి చేతులు దులుపుకున్నారు.

(నవ్వులు)

తీర్పు ముందే చెప్పేస్తాను, తర్వాత నిద్రపోయేవాళ్ళు నిద్రపోవచ్చు. ఈ బండికి ఒకటిముప్పావు ఇంచి పైపు సరిపోతుంది. మీకు దొరికే బెండ్లు నలిగిపోయే రకమైతే రెండు ఇంచులు వేయండి. అంతకు మించి వేస్తే ఖర్చు పెరుగుతుంది తప్ప బండి పరుగు పెరగదు. ఈ అంకె ఎలా వచ్చిందో తెలుసుకోవడానికే మిగతా గంట. ఎందుకంటే వచ్చే ఏడాది మీరు ఇంకో బండి మీద పడతారు. అప్పుడు ఈ అంకె పనికిరాదు, లెక్క పనికొస్తుంది.

మొదట ఆ రెండున్నర ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఫోన్లో చూసిన వీడియోల నుంచి. ఆ వీడియోల్లో బండ్లు చాలావరకు అమెరికావి. ఐదు లీటర్ల వి8 ఇంజిన్లు, నాలుగు వందల హార్స్‌పవర్ పైమాటే. వాళ్ళు రెండున్నర వేస్తే అది వాళ్ళ ఇంజిన్‌కు తగ్గ కొలత. పైగా చాలాసార్లు ఆ గ్యాసును పంచుకోవడానికి రెండు పైపులుంటాయి. మీది 1298 సీసీ, 80 హార్స్‌పవర్. వాళ్ళ చొక్కా కొలతలు తెచ్చి మీరు కుట్టించుకుంటే ఎలా?

ఇక బ్యాక్ ప్రెషర్, అంటే బయటికి పోయే గ్యాసుకు ఎదురొచ్చే ఒత్తిడి. ఇది మన మెకానిక్ షెడ్లలో తాతల నాటి నుంచి నడుస్తున్న మాట. మీ బండి లాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కు బ్యాక్ ప్రెషర్ అక్కర్లేదు. పిస్టన్ పైకొచ్చి కాలిన గ్యాసును బయటికి నెట్టేటప్పుడు ఎదురుగా ఒత్తిడి ఉంటే ఆ నెట్టడానికే ఇంజిన్ బలం ఖర్చవుతుంది. దానివల్ల లాభం ఏమీ లేదు. మరి లావు పైపు వేస్తే ఇంజిన్ చుట్లు తక్కువగా ఉండే కింది ఆర్‌పీఎంలో పికప్ తగ్గిందని చెప్పేవాళ్ళు అబద్ధం చెబుతున్నారా? అదీ కాదు. వాళ్ళు చూసింది నిజమే, చెప్పిన కారణం తప్పు.

హైవే మీద పెద్ద లారీ దూసుకుపోతే దాని వెనక రోడ్డు మీది కాగితాలు, దుమ్ము లాగినట్టు పోతాయి చూడండి. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్నప్పుడు సిలిండర్ నుంచి దూకే గ్యాసు కూడా అలాంటిదే. అది వేగంగా పోతే వెనక ఒత్తిడి తగ్గుతుంది, మిగిలిన గ్యాసును లాక్కుపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు కాస్త తెరుచుకుంటుంది కాబట్టి ఆ లాగుడుకు కొత్త మిశ్రమం కూడా తొందరగా లోపలికొస్తుంది. మానిఫోల్డ్ దగ్గర, అంటే సిలిండర్ల నుంచి వచ్చే గొట్టాల దగ్గర, పైపు మరీ లావైతే గ్యాసు నిదానిస్తుంది, లాగుడు పోతుంది. పికప్ తగ్గింది అందుకే. అంటే కావాల్సింది వేగం. ఇంకో సంగతి: ఈ లాగుడు వ్యవహారం దాదాపు అంతా సిలిండర్ నుంచి నాలుగు గొట్టాలూ కలిసే చోటు వరకే. అక్కడ దాటాక, బండి కింద వెనక్కి పోయే పొడుగు పైపులో ముఖ్యమైన పని ఒక్కటే, గ్యాసు అడ్డు లేకుండా బయటికి పోవడం. ఈ రెండు భాగాలనూ ఒకే గాటన కట్టడం వల్లే ఈ వాదన ఎప్పటికీ తెగదు. అమ్మాయి చెప్పింది ముందు భాగానికి కొంత నప్పుతుంది, అబ్బాయి చెప్పింది వెనక భాగానికి ఒక హద్దు వరకు నప్పుతుంది.

ఆ హద్దు ఎక్కడో లెక్కేద్దాం. పుస్తకాలు తీయండి.

మీ ఇంజిన్ నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, ఒక్కో సిలిండర్‌కు విడిగా పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ. 6000 ఆర్‌పీఎం దగ్గర 80 హార్స్‌పవర్, 4500 దగ్గర 103 న్యూటన్ మీటర్ల టార్క్. ఈ రెండు ఆర్‌పీఎంలే మన లెక్కకు ఆధారం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి ఇంజిన్ నిండుతుంది. 6000 చుట్లంటే నిమిషానికి 3000 సార్లు. 1.298 లీటర్లు ఇంటూ 3000, 3894 లీటర్లు. సిలిండర్ ఎప్పుడూ నిండుగా నిండదు, నూటికి 85 పాళ్ళు వేసుకుందాం. 3310. అరవైతో భాగిస్తే సెకనుకు 55 లీటర్ల గాలి.

చాలామంది ఇక్కడే ఆగి, 55 లీటర్లకు పైపు వెతుకుతారు. లోపలికి పోయింది 30 డిగ్రీల గాలి, బయటికొచ్చేది నిప్పు. ఫుల్ లోడు మీద మానిఫోల్డ్ దగ్గర 800 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. బండి నడుముకు వచ్చేసరికి 500 అనుకోండి. కెల్విన్‌లోకి మారిస్తే 303, 773. రెండున్నర రెట్లు ఉబ్బింది. 55 కాస్తా 140 అయింది. 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు కూడా కలిసింది కదా, దాన్నీ వేసుకుని సెకనుకు 150 లీటర్లు అని గుండుగుత్తగా పెట్టుకుందాం.

ఇప్పుడు పైపులు. పదహారు గేజి, అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. ఒకటిన్నర ఇంచి పైపులో లోపలి వ్యాసం 34.9 మిల్లీమీటర్లే. అందులో ఈ 150 లీటర్లు పోవాలంటే గ్యాసు సెకనుకు దాదాపు 157 మీటర్ల వేగంతో పరిగెత్తాలి. ఒకటిముప్పావులో 112. రెండు ఇంచుల్లో 84. రెండుంపావులో 66. రెండున్నరలో 52.

వేగం తగ్గితే నష్టం ఎంత తగ్గుతుంది అన్నది అసలు ప్రశ్న. పైపు ఘర్షణ వేగం వర్గం మీద ఆధారపడుతుంది, పొడుగుకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. మూడు మీటర్ల పైపు, నాలుగు మంచి బెండ్లు, సైలెన్సర్ డబ్బా లెక్కలో లేదు అనుకుని వేస్తే ఒత్తిడి నష్టం ఇలా వస్తుంది: ఒకటిన్నరలో సుమారు 16 కిలోపాస్కల్స్, ఒకటిముప్పావులో 8, రెండులో 4, రెండుంపావులో రెండు చిల్లర, రెండున్నరలో ఒకటిన్నర. వాతావరణ పీడనం 101 అని గుర్తుంచుకుంటే ఇవి ఏ పాటివో తెలుస్తుంది.

ఈ వరసను కాస్త తీరిగ్గా చూడండి. ఒకటిన్నర నుంచి ఒకటిముప్పావుకు మారితే 8 మిగిలాయి. అది నిజమైన లాభం, ఇంజిన్‌కు తెలుస్తుంది. అక్కడి నుంచి రెండుకు పోతే 4. రెండు నుంచి రెండుంపావుకు పోతే రెండు కూడా లేవు. ఆ తర్వాత ఒకటి లోపు. ప్రతి మెట్టుకూ పైపు బరువు, ధర పెరుగుతూనే ఉన్నాయి, లాభం మాత్రం సగానికి సగం పడిపోతోంది. పైగా ఇది 6000 ఆర్‌పీఎం, ఫుల్ థ్రాటిల్ మీద లెక్క. మీరు బురదలో, రాళ్ళలో లో రేంజ్ వేసుకుని 3000 దగ్గర నడిపే బండి ఇది. గ్యాసు సగమైతే నష్టం నాలుగో వంతు. అంటే మీరు ఎక్కువసేపు తిరిగే చోట ఒకటిముప్పావుకూ రెండున్నరకూ తేడా ఒకటీ రెండు కిలోపాస్కల్స్. దాన్ని మీ నడుము పట్టలేదు.

ఇంకో చిన్న మాట. గ్యాసు వెనక్కి పోయేకొద్దీ చల్లబడుతుంది, ముడుచుకుంటుంది. 500 నుంచి 300 డిగ్రీలకు దిగితే పరిమాణం నాలుగింట మూడు వంతులే మిగులుతుంది. కంపెనీ బండ్లలో సైలెన్సర్ దాటాక తోక పైపు సన్నగా ఉంటే పిసినారితనం అనుకోకండి. అక్కడ లావు అవసరం లేదు.

ఇక డబ్బు సంగతి. మీ ట్రెజరర్ ఎక్కడ? ఆ, వినండి. పైపు కిలోల్లెక్కన అమ్ముతారు. పదహారు గేజిలో ఒకటిముప్పావు పైపు మీటరుకు 1.7 కిలోలు, రెండు ఇంచులది 1.9 పైన, రెండున్నర 2.4 పైన. ఆరు మీటర్ల లెంగ్తు ఒకటి కొంటే రెండుకూ రెండున్నరకూ మూడు కిలోల తేడా. పైపు ధరలో అదేం పెద్ద లెక్క కాదు. అసలు ఖర్చు మిగతా చోట్ల పెరుగుతుంది. రెండున్నరకు బెండ్లు ఖరీదు, క్లాంపులు ఖరీదు, డబ్బా పెద్దది కావాలి, ఫ్లాంజ్ లేత్ మీద కొత్తగా చేయించాలి. మీ జిప్సీకి ముందూ వెనకా లీఫ్ స్ప్రింగుల మీద నిలబడ్డ గట్టి యాక్సిళ్ళు. గుంతలో దిగినప్పుడు వెనక యాక్సిల్ ఎంత పైకొస్తుందో తెలుసు కదా. దాని మీదుగా పోయే పైపు ఎంత లావుంటే అంత ఇరుకు. కిందికి దించితే రాయి తగులుతుంది. పదమూడు మిల్లీమీటర్లు సన్నగా ఉంటే పదమూడు మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు ఊరికే వచ్చినట్టు.

బజారుకు వెళ్ళే ముందు ఒక జాగ్రత్త. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళినా, ఇక్కడే ఐరన్ షాపుకు వెళ్ళినా "రెండు ఇంచుల పైపు ఇవ్వండి" అని మాత్రం అడగకండి. నీళ్ళ పైపుల కొలత వేరు, ట్యూబు కొలత వేరు. ట్యూబును బయటి వ్యాసంతో పిలుస్తారు: రెండు ఇంచుల ట్యూబు అంటే బయట 50.8 మిల్లీమీటర్లు. నీళ్ళ పైపును నామినల్ బోర్‌తో, అంటే పేరుకు చెప్పే లోపలి కొలతతో పిలుస్తారు: రెండు ఇంచుల నీళ్ళ పైపు బయట 60.3 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండూ తెచ్చి ఒకదానికొకటి అతకబోతే అతకవు. వెర్నియర్ జేబులో పెట్టుకెళ్ళండి. "ఓడీ ఇంత, గేజి ఇంత, ఈఆర్‌డబ్ల్యూ ట్యూబు" అని అడగండి. ఓడీ అంటే బయటి వ్యాసం, ఈఆర్‌డబ్ల్యూ అంటే కరెంటుతో అంచులు అతికి చేసిన ట్యూబు. జింకు పూత వేసిన జీఐ పైపు చవకగా వస్తుందని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. దాని మీది జింకు వెల్డింగ్ వేడికి పొగై లేస్తుంది. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది.

ఇక బెండ్లు. పైపు సైజు గురించి గంటలు కొట్టుకునేవాళ్ళు బెండు గురించి నిమిషం కూడా ఆలోచించరు. అక్కడే ఉంది అంతా. రోడ్డు పక్క సైలెన్సర్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్‌తో వంచుతారు. వంపు లోపలి వైపు పైపు నలుగుతుంది, ముడతలు పడుతుంది. చేత్తో తడిమితే గుండ్రటి పైపు అక్కడ కోడిగుడ్డు ఆకారానికి మారి ఉంటుంది. అలాంటి చోట దారి ఐదో వంతు తగ్గిందనుకోండి. రెండు ఇంచుల పైపు లోపలి వైశాల్యం 17.8 చదరపు సెంటీమీటర్లు, అది 14కు వచ్చింది. ఒకటిముప్పావు పైపుది 13.4. అర్థమైందా? నలిగిన రెండు ఇంచుల పైపు, నలగని ఒకటిముప్పావు పైపు దాదాపు ఒకటే. నేను మొదట తీర్పులో బెండ్లు నలిగే రకమైతే రెండు ఇంచులు అన్నది ఇందుకే.

నలగకుండా వంచేది మాండ్రెల్ బెండు. లోపల గుండు లాంటిది పెట్టి వంచుతారు. ఆ మెషిన్ ప్రతి ఊళ్ళో ఉండదు, కానీ రెడీమేడ్ మాండ్రెల్ బెండ్లు, నలభై ఐదు డిగ్రీలవి, తొంభై డిగ్రీలవి, విడిగా దొరుకుతాయి. నాలుగు కొని మధ్యలో తిన్నటి ముక్కలు అతికించుకోండి. అదీ ఖరీదనిపిస్తే పాత ఇనుప సామాన్ల వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. డీజిల్ ఎస్‌యూవీల పాత ఎగ్జాస్ట్‌లు తూకానికి అమ్ముతుంటారు. వాటిలో ఫ్యాక్టరీలో వంచిన చక్కటి బెండ్లు ఉంటాయి. సుత్తితో కొట్టి చూడండి. ఖంగుమంటే కోసి తెచ్చుకోండి, చప్పిడి శబ్దం వస్తే లోపల తుప్పు తినేసినట్టే.

ఇసుక పోసి వంచే పాత పద్ధతి కూడా ఉంది, తెలిసిన చేయి దొరికితే అద్భుతంగా వస్తుంది. పైపు ఒక చివర మూసి, సన్న ఇసుక గట్టిగా దట్టించి, రెండో చివరా మూసి, గ్యాసుతో ఎర్రగా కాల్చి నెమ్మదిగా వంచుతారు. ఇసుకను ముందే పెనం మీద వేయించి తీరాలి. తడి ఉంటే లోపల ఆవిరై మూత ఎగిరి ముఖాన తగులుతుంది. అందుకే పక్కన పెద్దవాళ్ళు లేకుండా మీరు ఆ పనికి పూనుకోవద్దు.

మానిఫోల్డ్ గురించి త్వరగా చెప్పేస్తాను. పోత ఇనుము మానిఫోల్డ్ పగలకపోతే దాన్నే ఉంచండి. దాని బదులు విడివిడి గొట్టాలతో హెడర్ చేయించాలని ఉబలాటంగా ఉంటే లెక్క ఇదీ. టార్క్ ఎక్కువ వచ్చే ఆర్‌పీఎం దగ్గర, ఒక్కో గొట్టంలో గ్యాసు వేగం సెకనుకు 75 మీటర్లు ఉండేలా చూస్తారు. ఒక సిలిండర్ 324.5 సీసీ. 4500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 75 చుట్లు, పిస్టన్ ఒకసారి పైకి రావడానికి సెకనులో 150వ వంతు. 324.5 ఇంటూ 150, దాన్ని సెకనుకు 7500 సెంటీమీటర్లతో భాగిస్తే 6.5 చదరపు సెంటీమీటర్లు. వ్యాసం 28.7 మిల్లీమీటర్లు. పదహారు గేజిలో ఒకటింపావు ఇంచి ట్యూబు లోపలి వ్యాసం దాదాపు అంతే. బజార్లో "రేసింగ్ హెడర్" అని అమ్మే ఒకటిన్నర గొట్టాలు మీరు తిరిగే ఆర్‌పీఎంకు లావు. ఇక్కడ మాత్రం లావు నిజంగా చేటు చేస్తుంది.

ఏ లోహం? మైల్డ్ స్టీలు చవక. ఎవరైనా వెల్డింగ్ చేయగలరు, కొన్నేళ్ళకు తుప్పు పడుతుంది. లోపలి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. దగ్గరి దగ్గరే తిప్పి ఆపేసే బండిలో ఆ నీళ్ళు ఆవిరవక డబ్బాలో నిలుస్తాయి. డబ్బా అడుగున మూడు మిల్లీమీటర్ల చిల్లు ఒకటి వేయండి, ప్రాణం పెరుగుతుంది. 304 స్టెయిన్‌లెస్ మంచిదే, ధర రెండు మూడు రెట్లు, ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. మధ్యలో 409 అని ఒకటుంది. కంపెనీలు ఎక్కువగా వాడే రకం ఇది, క్రోమియం 11 శాతం చుట్టూ ఉంటుంది.

మోసపోయే చోటు ఏమిటంటే, గేట్లకు, మెట్ల రెయిలింగులకు వాడే మెరిసే పైపు. అది చాలావరకు 202. నికెల్ తక్కువ. "అయస్కాంతం అతుక్కోలేదు కదా, అసలు సిసలు స్టెయిన్‌లెస్" అని షాపతను చూపిస్తాడు. 202కూ అతుక్కోదు, 304కూ అతుక్కోదు. అతుక్కునేది 409. కాబట్టి అయస్కాంతంతో 202నీ 304నీ విడదీయలేరు. చుక్క మందు వేసి రంగు చూసే పరీక్ష ఉంది, అది చేసి చూపించమనండి. పైగా రెయిలింగు పైపు పల్చన, ఒక మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. మీ క్లబ్బుకు నా సలహా పదహారు గేజి మైల్డ్ స్టీలు, పైన వేడికి తట్టుకునే పెయింటు. మిగిలిన డబ్బు మంచి డబ్బా మీద పెట్టండి. మామూలు ఆర్క్ రాడ్డుతో ఇంత పల్చటి పైపు అతికితే చిల్లులు పడతాయి. సీఓటూ వెల్డింగ్ చేసే చోటుకు పట్టుకెళ్ళండి. బండి కిందే పెట్టి టాకులు వేసుకుని, తర్వాత దింపి ఫుల్ వెల్డింగ్ చేయించండి.

ఒక లీకు గురించి మాత్రం ఆగి చెప్పాలి. మీ ఇంజిన్‌కు ఆక్సిజన్ సెన్సర్ ఉంది. దానికి ముందున్న జాయింటులో, ఫ్లాంజ్ ప్యాకింగ్ దగ్గర, వెంట్రుకంత సందు ఉన్నా చాలు. గ్యాసు బయటికే పోతుంది కదా అనుకుంటారు. గ్యాసు అలలుగా పోతుంది. రెండు అలల మధ్య ఒత్తిడి తగ్గినప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కు ఆక్సిజన్ కనపడుతుంది, పెట్రోలు పాళ్ళు చూసే కంప్యూటర్ ఈసీయూ "పెట్రోలు చాలలేదు" అనుకుని ఇంకా పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, మీరేమో పైపు సైజు తప్పయిందని మళ్ళీ పైపు మారుస్తారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, తోక పైపును మందపాటి తడిగుడ్డతో కాసేపు అదిమి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు కొట్టి చూడండి. బుడగ వస్తే దొరికిపోయింది.

(సభికుల నుంచి: సార్, అసలు ఇప్పుడున్న పైపు సరిపోతోందో లేదో కనుక్కోవడం ఎలా?)

మంచి ప్రశ్న. నిజానికి ఖర్చు పెట్టే ముందు అడగాల్సింది ఇదే. తాపీ మేస్త్రీలు లెవెల్ చూడటానికి వాడే పారదర్శకమైన ట్యూబు తెలుసు కదా? నాలుగైదు మీటర్లు తెచ్చుకోండి. చెక్కపలక మీద యు ఆకారంలో బిగించి సగానికి రంగు నీళ్ళు పోయండి. మానిఫోల్డ్ దాటాక పైపుకు ఒక నట్టు వెల్డ్ చేసి, దానికి మీటరు పైన రాగి గొట్టం తగిలించి, దాని చివర ఈ ట్యూబు. రాగి గొట్టం ఎందుకంటే గ్యాసు చల్లబడకపోతే ప్లాస్టిక్ కరుగుతుంది. నీళ్ళు ఎగిరెగిరి పడుతుంటే ట్యూబును క్లిప్పుతో కాస్త నొక్కండి, నిలకడగా వస్తుంది. నీటి మట్టం తేడా పది సెంటీమీటర్లు ఉంటే ఒక కిలోపాస్కల్ అన్నట్టు.

బండి నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ తెలియదు. న్యూట్రల్‌లో థ్రాటిల్ కొంచెం తెరిస్తేనే ఆర్‌పీఎం పైకి పోతుంది, గ్యాసు ఎక్కువ రాదు. సెకండ్ గేరులో ఎత్తు ఎక్కిస్తూ ఫుల్ థ్రాటిల్ ఇవ్వాలి, పక్క సీట్లో ఒకరు మట్టం చూడాలి. డ్రైవర్ చూడకూడదు. అక్కడ తేడా అరవై, డెబ్బై సెంటీమీటర్లే ఉందనుకోండి, డబ్బాతో కలిపి ఆరేడు కిలోపాస్కల్స్. ఆ పైపుకు ఏ లోపమూ లేదు, చిల్లు పడిన చోట మాత్రం కోసి అదే సైజు ముక్క అతికించండి. మీటరు దాటిందంటే ఎక్కడ ఇరుకుందో వెతకండి. చాలాసార్లు అది పైపు కాదు, లోపల ముక్కలైన క్యాట్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా), లేదా జాలీ ఊడి అడ్డం పడిన డబ్బా. గుప్పిటతో తడితే గలగలమంటుంది.

(సభికుల నుంచి: సార్, రోడ్డు మీద తిప్పితే పట్టుకుంటారా?)

పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. మీ బండి ట్రాలీ మీద ఎక్కించి సొంత పొలంలో దింపే బండి అని ప్రిన్సిపాల్ గారు చెప్పాకే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు సస్పెన్షన్. మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. రోడ్డు బండికి తుప్పు పట్టిన పైపు మార్చాలంటే అదే సైజు, అదే డబ్బా, క్యాట్ కన్వర్టర్ ఉన్నది ఉన్నట్టు. అంతే.

పొలంలో తిప్పినా ఒకటి వదలొద్దు. తోక పైపును బాడీ అంచు దాటించండి. డబ్బు మిగులుతుందని సీటు కిందే కోసేస్తే, గుడ్డ టాపు జిప్సీలో ఆ గ్యాసు లోపలికే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి అనుకునేలోపు కళ్ళు తిరుగుతాయి.

(సభికుల నుంచి: సౌండ్ కొంచెం బేస్‌గా రావాలంటే లావు పైపే కదా సార్?)

అదీ అసలు కోరిక! ఇంతసేపూ పవర్ అన్నావు. (నవ్వులు) లావు పైపుతో శబ్దం బొంగురుగా మారుతుంది, ఒప్పుకుంటాను. దాంతోపాటు 2500, 3000 దగ్గర బండి లోపల ఒక గుయ్యిమనే మోత పట్టుకుంటుంది, అరగంటకు తల వాచిపోతుంది. నీకు శబ్దం నచ్చాలంటే పైపు ముట్టుకోకు, డబ్బా మార్చు. లోపల చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్ ఉండే తిన్నటి డబ్బా పొడుగ్గా ఉన్నది తీసుకో. పొట్టి డబ్బా చవకే కానీ ఏడుపు స్వరం వస్తుంది.

(సభికుల నుంచి: మా అన్నయ్య వాళ్ళ టర్బో డీజిల్‌కు కూడా ఇదే లెక్కా?)

కాదమ్మా. టర్బో ఉంటే లాగుడు పని టర్బైన్ ముందే అయిపోతుంది. టర్బైన్ వెనక ఒత్తిడి ఎంత తగ్గితే అంత మంచిది, అక్కడ ఒక సైజు పెద్దది వేయడంలో అర్థం ఉంది. కానీ అది రోడ్డు బండి కదా? ఇందాకటి 52వ సెక్షన్ మీ అన్నయ్యకూ వర్తిస్తుంది.

ఇంకెవరైనా అడుగుతారా? సరే, అయితే షెడ్డుకు పదండి. ఆ పాత పైపును కోయకముందు దాని వ్యాసం, బెండ్ల దగ్గర నలిగిన కొలత, హ్యాంగర్ల దూరం రాసుకుందాం. వెర్నియర్ నా దగ్గరుంది, సుద్దముక్క ఒకటి తెచ్చుకోండి.